రాడార్ కాడ, ట్రాన్స్‌మిటర్ కాడ పనిచేసినోళ్లకు రేడియేషన్ భయం: కాగితం ఎక్కడ మొదలుపెట్టాలి

కల్వకుర్తిలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. దానికి ముందు ఇరవై ఏళ్లు ఎయిర్‌ఫోర్స్‌లో రేడియో ఫిట్టర్‌ని. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసినందుకు చుట్టుపక్కల ఊళ్ల ఎక్స్‌సర్వీస్‌మెన్ అందరూ కాగితాల పని అంటే నా దగ్గరికే వస్తారు. మొన్న మా ఊరి కాకా ఒకాయన క్యాంటీన్ కవర్లో డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ ఆర్డరు), కంటి ఆస్పత్రి చీటీ, ఒక పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో వేసుకుని వచ్చి కూర్చున్నాడు. "అమెరికాల లోరాన్ స్టేషన్ల పనిచేసినోళ్లకు రేడియేషన్ తగిలిందని గవర్నమెంటే ఒప్పుకుందట గదరా, యూట్యూబ్‌ల చూసిన. నేను గూడ గసుంటి స్టేషన్లనే ఏండ్లకేండ్లు చేసిన. నాకు నడుము లేస్తలేదు, కండ్లు మసక. ఒక అప్లికేషన్ కొట్టు" అన్నాడు.

ఈ ఏడాదిలో ఇదే మాటతో వచ్చిన నాలుగో మనిషి ఆయన. నలుగురికీ నాలుగుసార్లు చెప్పే బదులు ఒక్కసారి రాసి పెడితే ప్రింటు తీసి చేతిలో పెట్టొచ్చు కదా అని ఇది రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, వకీలునీ కాదు. మెషీను ముందు కూర్చున్నవాణ్ని, తర్వాత ఫారాలు నింపినవాణ్ని, అంతే.

ముందు ఆ అమెరికా సంగతి. కాకా విన్నది అబద్ధం కాదు. లోరాన్ అంటే ఓడలకు, విమానాలకు దారి చూపించే రేడియో వ్యవస్థ, జీపీఎస్ రాకముందు దాని పని ఇది చేసేది. 1942 నుంచి 2010 దాకా ఆ స్టేషన్లలో పనిచేసిన వాళ్ల కోస్ట్ గార్డ్ సిబ్బందికి హై వోల్టేజి వాక్యూమ్ ట్యూబుల నుంచి ఎక్స్‌రేలు తగిలి ఉండొచ్చని అక్కడి మాజీ సైనికుల శాఖ ఒప్పుకుంది. ఇక్కడ జాగ్రత్తగా చదవండి: తగిలి ఉండొచ్చు అంది, అందరికీ తగిలింది అనలేదు, పైగా యాంటెన్నా నుంచి అనలేదు, ట్యూబుల నుంచి అంది. మన కాగితం అంతా ఈ ఒక్క తేడా మీదే నిలబడాలి.

ఎందుకంటే మనవాళ్లు "రేడియేషన్" అనే ఒక్క మాటలో అన్నీ కలిపేస్తారు. యాంటెన్నా నుంచి బయటికి పోయేవి రేడియో తరంగాలు. లోరాన్-సి అయితే 100 కిలోహెర్ట్జ్, విమానాన్ని రన్‌వే మీదికి దించే ప్రెసిషన్ రాడార్ అయితే దానికి పదుల వేల రెట్లు ఎక్కువ. ఫ్రీక్వెన్సీ ఎంతైనా ఇవి ఒంట్లో కణాన్ని విరగ్గొట్టే రకం కావు, దగ్గరగా, ఎక్కువ పవర్‌లో తగిలితే వేడి పుట్టిస్తాయి. నడుస్తున్న రాడార్ డిష్ ముందుకు పోతే ముఖం వేడెక్కిందని పాతవాళ్లు చెప్పేది నిజమే, కంటికీ వృషణాలకూ ఆ వేడి మంచిది కాదన్నదీ నిజమే. 2011లో క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ ఈ రేడియో తరంగాలను "కారణం కావచ్చునేమో" అనే 2బి వర్గంలో పెట్టింది. అదే సంస్థ ఎక్స్‌రేలను "కారణమే" అనే ఒకటో వర్గంలో పెట్టింది. రెండిటికీ మధ్య దూరం చూశారు కదా.

మరి రేడియో స్టేషన్‌లో ఎక్స్‌రే ఎక్కడిది? ట్రాన్స్‌మిటర్ అల్మారా లోపలిది. పాత ట్రాన్స్‌మిటర్లలో, రాడార్లలో పెద్ద పెద్ద ట్యూబులు ఉండేవి: థైరాట్రాన్, క్లిస్ట్రాన్, మాగ్నెట్రాన్, రెక్టిఫయర్ ట్యూబులు. ఖాళీ ట్యూబులో ఎలక్ట్రాన్‌ను వేల వోల్టులతో ఉరికించి లోహం ప్లేటుకు కొడితే ఎక్స్‌రే పుడుతుంది, ఆస్పత్రి ఎక్స్‌రే మెషీను చేసేదీ అదే. వోల్టేజి అయిదు పది వేలు అయితే ట్యూబు గాజే దాన్ని మింగేస్తుంది. పదిహేను, ఇరవై వేలు దాటినకొద్దీ గాజు దాటి బయటికి రావడం మొదలవుతుంది. అందుకే ఆ అల్మారాకు ఇనుప తలుపు, కొన్నిటికి సీసం రేకు, తలుపు తీస్తే హై వోల్టేజి ఆగిపోయేలా ఇంటర్‌లాక్ స్విచ్చి పెడతారు.

ఇక మన పని ఎలా నడిచేదో మనకు తెలుసు. ట్యూనింగ్ చేస్తున్నప్పుడు తలుపు మూస్తే లోపల ఏం జరుగుతుందో కనపడదు, తెరిస్తే మెషీను ఆగిపోతుంది. ఏం చేస్తాం? ఇంటర్‌లాక్ స్విచ్చిని నొక్కిపట్టి టేపు చుడతాం, లేకపోతే స్క్రూడ్రైవర్ ఇరికిస్తాం. కాకా చెప్పింది అదే. తలుపు తెరిచి, స్టూలు వేసుకుని కూర్చుని, ట్యూబులో ఊదా రంగు వెలుగు కదులుతుంటే ఒక చేయి జేబులో పెట్టుకుని (రెండు చేతులూ పెడితే షాకు గుండె మీదుగా పోతుందని నేర్పేవాళ్లు) ఇంకో చేత్తో నాబ్ తిప్పేవాడట. ఆ ఊదా వెలుగు ఎక్స్‌రే కాదు, అది థైరాట్రాన్ లాంటి గ్యాసు నింపిన ట్యూబులో గ్యాసు వెలుగు, ఎక్స్‌రే కంటికి కనపడదు. కానీ ఆ వెలుగు చూశానంటే తలుపు తెరిచి ఉందన్నట్టు, అది పనికొచ్చే ముక్క.

జర్మనీలో ఇదే గొడవ పెద్దగా అయింది. వాళ్ల సైన్యాల్లో, పశ్చిమ జర్మనీదీ తూర్పు జర్మనీదీ రెండిట్లోనూ, రాడార్ మెకానిక్‌లు ఇలాగే తెరిచిన మెషీన్ల ముందు పనిచేసి జబ్బుపడ్డారు. 2003లో ఒక నిపుణుల కమిషన్ రిపోర్టు ఇచ్చింది. తొలినాళ్లలో డోసు కొలిచిన రికార్డులే లేవు కాబట్టి, ఆ కాలపు వాళ్ల విషయంలో ఏ మెషీను మీద ఏ పని చేశాడన్నది చూసి క్యాన్సర్లకు (ఒక్క దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా తప్ప), కంటి శుక్లాలకు గుర్తింపు ఇమ్మని చెప్పింది. అమెరికా రూలూ జర్మనీ రూలూ మన దగ్గర చెల్లవు, ఆ కాగితం చూపించి నాకూ ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు. కానీ అడగాల్సిన ప్రశ్న ఏదో వాళ్ల కమిషన్ మనకు నేర్పింది. భయమెంత అని కాదు, మెషీను ఏది, తలుపు ఎట్లుంది అని.

ఒక పేజీ రాయండి

అప్లికేషన్ కంటే ముందు, డాక్టర్ కంటే ముందు, ఒక తెల్లకాగితం తీసుకుని కూర్చోండి. కాకాను కూడా టీ చెప్పి ఇదే చేయించా, రెండు గంటలు పట్టింది. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఏ యూనిట్, అక్కడ మీ ట్రేడ్ ఏమిటి. ఆపరేటరా, మెకానిక్కా, గార్డు డ్యూటీయా (ఈ మూడిటికీ చాలా తేడా, డిస్‌ప్లే ముందు కూర్చున్న ఆపరేటర్‌కూ అల్మారాలో తల పెట్టిన మెకానిక్‌కూ ఒకే లెక్క ఉండదు). మెషీను పేరు, దాని ప్లేటు మీద రాసి ఉన్న టైపు నంబరు గుర్తుంటే అది. హై వోల్టేజి ఎన్ని వేలు అని మీటరు మీద చూసేవాళ్లు. తలుపు తెరిచి పని వారానికి ఎన్ని గంటలు. సీసం రేకు ఉండేదా, తీసేశారా. ఛాతీకి టీఎల్‌డీ బ్యాడ్జి ఎప్పుడైనా ఇచ్చారా, ఇచ్చి ఉంటే అది డోసు కొలిచే బిళ్ల కాబట్టి దాని రికార్డు ఎక్కడో ఉండాలి. పక్కన పనిచేసినవాళ్ల పేర్లు, వాళ్ల ఊళ్లు. షాకు తగిలిన సందర్భాలు. సిక్ రిపోర్టు చేసిన తారీఖులు.

రాసేటప్పుడు ఇట్ల రాయకండి: "దేశ సేవలో నా ఆరోగ్యాన్ని పణంగా పెట్టి రేడియేషన్‌కు గురయ్యాను." ఇది ఏ క్లర్కు చదివినా పక్కన పెడతాడు. ఇట్ల రాయండి: "1979 నుంచి 1983 వరకు ఫలానా యూనిట్‌లో బీకన్ ట్రాన్స్‌మిటర్ మెకానిక్‌గా పనిచేశాను. వారానికి సుమారు ఆరు గంటలు వెనక తలుపు తెరిచి, ఇంటర్‌లాక్ నొక్కిపెట్టి, ట్యూబుకు మూరెడు దూరంలో కూర్చుని ట్యూనింగ్ చేశాను. బ్యాడ్జి ఇవ్వలేదు." మూడు వాక్యాలు, ఒక్క ఏడుపు మాట లేదు.

గుర్తులేనిది గుర్తున్నట్టు రాయొద్దు. కాకా మొదట యాభై వేల వోల్టులు అన్నాడు. మీటరు ముల్లు ఎక్కడ ఆగేదో బొమ్మ గీయమంటే గీసి, ఆ ముల్లు సగం కంటే కిందే ఉండేదని తనే అన్నాడు. బొమ్మ గీయించడం మంచి ఉపాయం, నోటికంటే చెయ్యికి ఎక్కువ గుర్తుంటుంది.

ఇంకోటి, ఈ వివరాలు రికార్డ్ ఆఫీసుకు రాసే కాగితంలోనే ఉండాలి. వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో స్టేషన్ పేరు, మెషీను పేరు, ఫ్రీక్వెన్సీ పెట్టి "ఎవరన్నా ఉన్నారా" అని అడగకండి. రిటైరయినా అఫీషియల్ సీక్రెట్స్ చట్టం మనకు వర్తిస్తూనే ఉంటుంది. పాత దోస్తు కావాలంటే ఫోన్ చేసి మాట్లాడుకోండి.

పాత కంపాస్‌లు, మీటర్ల మీద చీకట్లో మెరిసే రంగు ఉండేది, కొన్నిట్లో అది రేడియం. రేడియం-226 సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకున్న డయల్ ఏదన్నా ఉంటే గీకకండి, విప్పకండి, మనవలకు ఆడుకోను ఇవ్వకండి. ఎక్స్‌రే అలా కాదు, స్విచ్ ఆఫ్ చేస్తే టార్చి వెలుగు పోయినట్టు పోతుంది, ఒంట్లో బట్టల్లో మిగలదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఒకాయన భార్య నలభై ఏళ్లుగా ఆయన యూనిఫాం పెట్టెను ఇంట్లోకి రానివ్వలేదట, పశువుల కొట్టంలో పెట్టించింది.

నడుము నొప్పి అయితే ముందు నీళ్ల సంగతి చూడండి

ఇది మన ప్రాంతపు మాట, ఢిల్లీ డాక్టర్‌కు తట్టకపోవచ్చు. కాకా అత్తగారి ఊరు మర్రిగూడ మండలం, రిటైరయ్యాక పన్నెండేళ్లు అక్కడే వ్యవసాయం చేసి బోరు నీళ్లే తాగాడు. మునుగోడు, మర్రిగూడ, చండూరు అంటేనే ఫ్లోరైడ్. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, అక్కడ ఎన్నో బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా పాత నీళ్లు చేసిన పని ఎముకల్లో ఉండిపోతుంది.

ఇంట్లోనే చూసుకునే మూడు పరీక్షలు ఉన్నాయి. నేల మీద రూపాయి బిళ్ల వేసి మోకాళ్లు వంచకుండా తీయాలి. గడ్డాన్ని ఛాతీకి ఆనించాలి. చేతులు రెండు పక్కలకు చాపి, మోచేతులు మడిచి, తల వెనక పెట్టుకోవాలి. మా షాపు ముందే కాకా రూపాయి బిళ్ల తీయబోయి సగంలో ఆగిపోయాడు, గడ్డం ఛాతీకి నాలుగు వేళ్ల దూరంలో నిలిచింది. ఇవి చేయలేకపోతే అది ఫ్లోరోసిసే అని కాదు, మామూలు అరుగుదల కూడా కావచ్చు, కానీ డాక్టర్‌తో "ఫ్లోరైడ్ ఏరియా నీళ్లు తాగినం" అని తప్పకుండా చెప్పాలి. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష, ముంజేతి ఎక్స్‌రే ఒకటి తీస్తే చాలావరకు తేలిపోతుంది. ఎక్స్‌రే కిరణాల వల్ల నడుము బిగుసుకుపోవడం, కీళ్లు పట్టేయడం అనేది ఉండదు. ఇది రేడియేషన్ కింద రాసుకుపోతే మెడికల్ బోర్డు నిమిషంలో కొట్టేస్తుంది, దాంతో పాటు మీ నిజమైన ఫిర్యాదు మీద కూడా నమ్మకం పోతుంది.

రేడియేషన్‌కు సంబంధం ఉండే అవకాశం ఉన్నవి వేరే. లుకేమియా లాంటి రక్త క్యాన్సర్లు తగిలిన కొన్నేళ్లకే బయటపడొచ్చు, గడ్డల క్యాన్సర్లకు మామూలుగా పదేళ్లు దాటుతుంది. థైరాయిడ్, రొమ్ము, ఊపిరితిత్తులు ఈ లెక్కలోకి వస్తాయి. కంటి శుక్లం కూడా, ముఖ్యంగా కటకం వెనక పొర దగ్గర మొదలయ్యే రకం. అయితే అదే రకం షుగర్ వల్ల వస్తుంది, స్టెరాయిడ్ మాత్రల వల్ల వస్తుంది, అరవై దాటితే శుక్లం ఎవరికైనా వస్తుంది. అందుకని ఆపరేషన్ చేయించుకునే ముందు కంటి డాక్టర్‌ను అడిగి శుక్లం ఏ రకమో, ఎక్కడుందో చీటీ మీద రాయించుకోండి. ఆపరేషన్ అయ్యాక ఆ సాక్ష్యం ఎవరూ తిరిగి తేలేరు. కాకా ఒక కన్ను అప్పటికే చేయించేశాడు, చీటీలో "క్యాటరాక్ట్" అని ఒక్క ముక్కే ఉంది. రెండో కంటికి మాత్రం రాయించాం.

పరీక్షల విషయంలో ఒక మాట గట్టిగా చెప్తా. ఒంట్లో రేడియేషన్ ఎంత ఉందో చూపిస్తామని ఎవరన్నా రక్త పరీక్ష అమ్మితే లేచి వచ్చేయండి, ముప్పై నలభై ఏళ్ల కిందటి చిన్న డోసును చూపించే మామూలు పరీక్ష లేదు. భయంతో ఫుల్ బాడీ సీటీ స్కాన్ చేయించుకునేవాళ్లూ ఉన్నారు. మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు ఊరికే తగులుతుంది, కడుపు సీటీ ఒక్కదానికే దాదాపు మూడేళ్ల లెక్క వచ్చేస్తుంది. రేడియేషన్ భయానికి మందుగా రేడియేషన్ కొనుక్కోవడమన్నమాట. డాక్టర్ జబ్బు కోసం రాస్తే వేరు, అప్పుడు వద్దనకండి.

చేయించుకోవాల్సింది మామూలువే: సీబీపీ, థైరాయిడ్, షుగర్, కిడ్నీ పరీక్షలు, కళ్లు, చెవులు. మెడలో, చంకల్లో గడ్డ తగిలినా, కారణం లేకుండా బరువు తగ్గినా, మలంలో రక్తం పడినా ఆగకూడదు. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే పాలీక్లినిక్‌కు పోయి రిఫరల్ తీసుకోండి. లేనివాళ్లకు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది. డాక్టర్‌కు ఆ ఒక పేజీ చూపించండి. బీడీ, ఖైనీ, మందు అలవాటు అడిగితే నిజం చెప్పండి, ఎలాగూ పాత మెడికల్ కాగితాల్లో రాసే ఉంటుంది.

చెవుల మాట అన్నా కదా, దాని గురించి ఇంకొంచెం. మన స్టేషన్లలో కరెంటు ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్ మీదే. ఆ షెడ్డు పక్కన ఏళ్ల తరబడి డ్యూటీ చేసి సగం మందికి చెవులు పోయాయి, కానీ ఎవరూ దాని గురించి రారు, అందరికీ రేడియేషనే కావాలి. ఆడియోమెట్రీలో (వినికిడి పరీక్షలో) గీత పడుతుంది, కారణం కళ్లముందు ఉంది, సర్వీసులోనే సిక్ రిపోర్టు చేసి ఉంటే ఇంకా మంచిది. నన్నడిగితే చాలామందికి రేడియేషన్ కంటే చెవుడు కేసే బలమైనది.

కాగితాలు

మీ దగ్గర ఉండాల్సినవి డిశ్చార్జి బుక్కు, పీపీఓ, వదిలి వచ్చేటప్పటి మెడికల్ బోర్డు ఫారం (ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అంటారు), ఉన్నన్ని ఆస్పత్రి చీటీలు. లేనివాటి కోసం మీ రికార్డ్ ఆఫీసుకు ఆర్టీఐ పెట్టండి. పది రూపాయలు ఫీజు, ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఆ తర్వాత ముప్పై రోజుల్లోపు ఫస్ట్ అప్పీలు. ఈఎంఈ (ఆర్మీలో మెషీన్ల రిపేరు విభాగం) వాళ్లకు రికార్డ్స్ సికింద్రాబాద్‌లోనే, సిగ్నల్స్ వాళ్లకు జబల్‌పూర్, నేవీ సెయిలర్లకు ముంబై మాన్‌ఖుర్ద్‌లో, మా ఎయిర్‌మెన్‌కు ఢిల్లీ సుబ్రతో పార్క్. అడిగేది ముక్కలు ముక్కలుగా అడగండి: నా సర్వీసు పోస్టింగుల జాబితా, నా మెడికల్ డాక్యుమెంట్ల నకలు, నా పేరున డోసు రికార్డు ఉంటే దాని నకలు, లేకపోతే లేదని రాతపూర్వకంగా. చివరిది ముఖ్యం. "లేదు" అనే జవాబు కూడా ఒక సాక్ష్యమే, కొలవలేదని వాళ్లే ఒప్పుకున్నట్టు. గడువు తీరిన ఫైళ్లు నాశనం చేశామని రాసినా ఆ ఉత్తరాన్ని పారేయొద్దు, లామినేషన్ చేయించండి (మా షాపులో అయితే ముప్పై రూపాయలు).

ఇక డిసెబిలిటీ పెన్షన్. రూలు సూటిగా చెప్పాలంటే, జబ్బు సర్వీసు వల్ల వచ్చింది, లేదా సర్వీసు వల్ల ముదిరింది అని తేలాలి, మెడికల్ బోర్డు కనీసం 20 శాతం వైకల్యం వేయాలి. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది మనకు పెద్ద ఆసరా: చేరేటప్పుడు లేని జబ్బు, కాగితంలో రాయని జబ్బు, సర్వీసులో ఉండగా బయటపడి డిశ్చార్జికి దారితీస్తే అది సర్వీసు వల్లే అని అనుకోవాలి, కాదని నిరూపించాల్సింది డిపార్ట్‌మెంటు. 2014 డిసెంబర్‌లో రామ్ అవతార్ కేసు తర్వాత 20 శాతం పడినా యాభైకి పెంచి లెక్కించే పద్ధతి గట్టిపడింది. 2023 సెప్టెంబర్ 21 నుంచి బయటికి వచ్చినవాళ్లకు కొత్త రూల్స్, మా కాకా లాంటి పాతవాళ్లకు పాతవే.

కానీ చాలామంది గమనించని మెలిక ఉంది. సర్వీసులో ఉన్నప్పుడు బయటపడిన జబ్బు వేరు, ఇంటికొచ్చిన ఎన్నో ఏళ్లకు బయటపడిన జబ్బు వేరు. రెండోదాన్ని పోస్ట్ డిశ్చార్జి క్లెయిమ్ అంటారు. అక్కడ, అప్పుడు మొదలైన పని ఒంట్లో నెమ్మదిగా సాగి ఇప్పుడు బయటపడింది అని ఒప్పించాలి, దానికి డాక్టర్ రాత కావాలి, రూల్స్‌లో ఏళ్ల గడువు కూడా పెట్టారు. మీరు డిశ్చార్జి అయిన నాటికి ఏ రూల్స్ ఉన్నాయో సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి, ఆ పేజీ నకలు తీసుకున్నాకే క్లెయిమ్ రాయండి. కాకాది నలభై ఏళ్ల కిందటి పని, నిన్న మొన్నటి కన్ను, కాబట్టి తేలిక కాదని ఆయనకు ముఖం మీదే చెప్పా. కొంచెంసేపు మాట్లాడలేదు, తర్వాత "సరే, పెట్టి చూద్దాం" అన్నాడు.

క్లెయిమ్ రికార్డ్ ఆఫీసు పేరున, ఆ ఒక పేజీ, డాక్టర్ చీటీలు జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి, ఒక నకలు సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. తిరస్కరిస్తే ఆ ఉత్తరంలో కారణం రాస్తారు, దాన్ని పట్టుకుని ఆరు నెలల్లోపు ఫస్ట్ అప్పీలు, తర్వాత సెకండ్ అప్పీలు. అదీ పోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, తెలంగాణ వాళ్లకు చెన్నై బెంచి. చివరి ఆర్డరు వచ్చిన ఆరు నెలల్లో వేయాలి, ఆలస్యమైతే కారణం చెప్పి మన్నించమని అడగొచ్చు. వకీలు లేకుండా మీరే వాదించుకునే వీలు కూడా ఉంది, అయితే చెన్నై రైలు మీద ఆ వయసులో ఎన్నిసార్లు తిరుగుతారో చూసుకోండి. మనిషి చనిపోయి ఉంటే భార్య కూడా క్లెయిమ్ చేయొచ్చు, అప్పుడు డెత్ సర్టిఫికెట్‌లో మరణ కారణం ఏం రాశారన్నది కీలకం. మన ఊళ్లలో "గుండె ఆగి" అని రాసి పంపేస్తారు, క్యాన్సర్‌తో ఏడాది మంచంలో ఉన్న మనిషికి కూడా.

ఏజెంట్ల సంగతి. మా దగ్గరికే వచ్చిన ఒక పెద్దమ్మ అంతకుముందు ఒక ఏజెంటుకు ఎనిమిది వేలు కట్టింది, వాడు ఆమె చేత స్పర్శ్ (మన పెన్షన్ వెబ్‌సైట్) పాస్‌వర్డ్ కూడా రాయించుకున్నాడు. చేసిన పని ఏమిటంటే గూగుల్‌లో దొరికిన అమెరికా ఫారం ఒకటి ప్రింటు తీసి వేలిముద్ర వేయించడం. వచ్చే బకాయిలో ముప్పై శాతం, నలభై శాతం అనేవాళ్లూ ఉన్నారు. స్పర్శ్ పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి, నాక్కూడా.

వికారాబాద్ వైపు నుంచి ఇది చదివేవాళ్లు దామగుండం గురించి అడుగుతారని తెలుసు. 2024 అక్టోబర్ 15న పూడూరు మండలంలో శంకుస్థాపన అయినదాన్ని అందరూ రాడార్ స్టేషన్ అంటున్నారు, నిజానికి అది నీళ్ల కింద ఉన్న సబ్‌మెరైన్లకు కబురు పంపే వీఎల్ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో) స్టేషన్, తిరునెల్వేలి దగ్గర అలాంటిదే 1990 నుంచి నడుస్తోంది. దాని తరంగాలు పైన చెప్పిన మొదటి రకం, కణాన్ని విరగ్గొట్టేవి కావు. అడవి పోతుంది, మూసీ పుట్టే చోటు ఏమవుతుంది అనే బాధ వేరు, అది న్యాయమైనది, దాని మీద కొట్లాడండి. అమ్రాబాద్ యురేనియం గొడవ చూసినవాళ్లం కాబట్టి మనకు రేడియేషన్ అనగానే రెండూ ఒకటే అనిపిస్తుంది. రాతిలో ఉన్న యురేనియం వేరు, టవరు మీది రేడియో వేరు. రేపు అక్కడ ఉద్యోగం చేసే మన పిల్లలకు మాత్రం ఒకటి చెప్పండి, ట్రాన్స్‌మిటర్ అల్మారా ఇంటర్‌లాక్‌కు టేపు చుట్టొద్దని, ఎక్స్‌రే లేకపోయినా షాకు చాలు.

కాకా కాగితం ఇంకా రికార్డ్ ఆఫీసుకు పోలేదు. ఆర్టీఐ జవాబు కోసం చూస్తున్నాం, ఇరవై రెండు రోజులైంది. రాసిన పేజీ కింద నాలుగు గీతలు ఖాళీ వదిలి ఇంటికి పంపించా. నిన్న రాత్రి పదింటికి ఫోన్ చేసి, "అరేయ్, నాతోని ఆ తలుపు కాడ ఉన్నోడు హాలియా పిలగాడురా, ఇంటి పేరు ఇప్పుడు యాదికొచ్చింది, రాసుకో" అన్నాడు.